పెద్దక్క వచ్చేదాకా

కృత్రిమ కాళ్ల కేంద్రం, వెనక వర్క్‌షాప్ గది
సోమవారం

పిన్నీ,

క్షేమమా అని అడగను. పేపర్లో నీ ఫొటో చూశాను, క్షేమంగానే ఉన్నావు. శాలువా కప్పినవాడి పొట్టే కాస్త అడ్డొచ్చింది.

ఉత్తరం ఎందుకంటే, ఫోన్ చేస్తే నీ సెక్రటరీ ఎత్తింది. "ఏ విషయం మీదండీ?" అంది. కాలి విషయం మీద అన్నాను. "ఇక్కడికి వచ్చే ఫోన్లన్నీ దాని మీదే కదండీ" అంది. మేడమ్ అక్క కొడుకుని అని చెప్పాను. "బంధువులకి ఆదివారం సాయంత్రం" అంది. ఆ ఆదివారం నువ్వు ఇంకో ఊళ్లో ఉంటావట. అందుకే ఈ కాగితం. రైల్లో చదువుకో, అక్కడైనా గడియారం పట్టుకుని నీ పక్కన ఎవరూ కూర్చోరు.

అసలు సంగతికొస్తాను. అరలు నిండిపోయాయి. కాళ్లన్నీ తయారు. సాకెట్, అదే మొండికాలు దూరే గిన్నె, ఒక్కొక్కటీ నునుపు తీసి, పైపు బిగించి, రబ్బరు పాదం తొడిగి, చీటీ కట్టి నిలబెట్టాను. అవి నిలబడే ఉన్నాయి. వాటి మనుషులే ఇళ్లల్లో కూర్చుని ఉన్నారు.

ఎందుకు? నీ రూలు. ఈ కేంద్రంలో ఎవరైనా కొత్త కాలుతో మొదటి అడుగు వేస్తే ఎదురుగా నువ్వుండాలి, రెండు చేతులూ చాపి. నువ్వు లేకుండా కాలు అర దిగకూడదు. మొదట్లో అది బాగానే ఉండేది. నువ్వు రోజూ ఇక్కడే ఉండేదానివి, నీ చీరకి ప్లాస్టర్ అంటుకుని ఉండేది. ఇప్పుడు నువ్వు నెలకోసారి కూడా రావు. రూలు మాత్రం కదలకుండా కూర్చుంది.

ఒకావిడ ఉంది. బేకరీలో పొయ్యి దగ్గర పని. సరుకు దించే బండి వెనక్కొచ్చి ఎడమ కాలు నలిపేసింది, మోకాలి కింద నుంచి తీసేశారు. మేమందరం రొట్టెలావిడ అంటాం. నోరు పొయ్యి కంటే వేడి. మూడో అంతస్తులో ఉంటుంది, మెట్లు కూర్చుని దిగుతుంది, కూర్చుని ఎక్కుతుంది. ఆమె కాలు అయిపోయి చాలా రోజులైంది. నిన్న వచ్చి అర ముందు నిలబడి చూసి, "నా కాలికి మీ దగ్గర ఉద్యోగం దొరికింది, నాకే పోయేలా ఉంది" అంది. బేకరీ యజమాని ఆమె చోటు నెలాఖరు దాకా ఉంచుతానన్నాడు. అందాకా ఇంటికి అట్ట డబ్బాలు పంపిస్తున్నాడు, మడిచి ఇవ్వమని. పొద్దున్నించి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని మడుస్తుంది. మోకాలు వంచి.

మోకాలు వంచి కూర్చుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా. నువ్వే నాకు నేర్పావు. వెనక నరాలు కురచబడతాయి, మోకాలు వంగినచోటే బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి కాలైనా గోడకి చేరేయడానికే.

కాబట్టి రెండిట్లో ఒకటి చెయ్యి. నువ్వు రా. లేదా వ్యాయామాలు చేయించే అక్కని నీ బదులు నిలబడమని ఒక్క ముక్క రాసి పంపు. ఆమె చేతులు కూడా రెండే, అవి కూడా చాపితే చాపుకుంటాయి.

నీ అక్క కొడుకు


రైలు, కింది బెర్తు
గురువారం

ఒరేయ్ కందిరీగా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఎదురు సీటాయన ఈవిడకి ఏమైందన్నట్టు చూశాడు. శాలువా సంగతి మీ అమ్మకి చెప్పకు, ఆ పొట్ట పెద్దమనిషి ఇచ్చిన ప్లాస్టిక్ షీట్లతోనే నువ్వు సాకెట్లు చేస్తున్నావు.

నీ కోపం నాకు అర్థమవుతుందిరా. నా రోజు నీకు అర్థం కావాలి. పోయిన నెల మాలాంటి వాళ్లని, పిల్లల ఆశ్రమాల వాళ్లు, కంటి వైద్యం వాళ్లు, అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. సేవ నెత్తిన పెట్టుకున్నవాళ్లకి రోజు ఎప్పుడూ చాలదు, ఏది ముందో ఏది వెనకో తేల్చుకోకపోతే పనీ చెడుతుంది, మనిషీ చెడతాడు అని. నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను, నమ్ముతావా. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అలిసిపోయావా అని అడగలేదు.

పాఠం చెప్పినాయన ఒక మాట అన్నాడు. "మీరు తప్ప ఎవరూ చేయలేని పని ఒక్కటి పట్టుకోండి. అది మీ దగ్గర ఉంచుకుని మిగతాదంతా పంచేయండి." ఆ మాట పాటించాను. కొనుగోళ్లు గుమాస్తాకి ఇచ్చాను. మనుషుల్ని పెట్టుకోవడం, తీసేయడం మేనేజరుకి ఇచ్చాను. నా రోజుని ముక్కలు కోసి పెట్టమని సెక్రటరీకి ఇచ్చాను. నా దగ్గర ఉంచుకున్నది మొదటి అడుగు ఒక్కటే. పలక మీద నాలుగు గడులు గీయించాడు. అది "ముఖ్యం, కానీ తొందర లేదు" అన్న గడిలో రాసుకున్నాను. ఆ గడినే కంటిపాపలా కాచుకోవాలన్నాడు. నువ్వు ఆ ఒక్కటీ లాక్కుంటానంటే ఎలారా?

వచ్చే శుక్రవారం వస్తున్నాను. ఆ రోజంతా మీదే, ఒక్క ఫోనూ ఎత్తను. అందరినీ పిలువు. రొట్టెలావిడని ముందు నిలబెడదాం.

భోజనం వేళకి తిను.

పిన్ని


కేంద్రం, వెనక గది
శనివారం

పిన్నీ,

శుక్రవారం ఎలా జరిగిందో చెప్తాను, నువ్వు లేవు కాబట్టి.

తెల్లారకముందే మొదలయ్యారు. ఆటోలో ఒకరు, కొడుకు భుజం మీద ఒకరు, పాలబండి వెనక కూర్చుని ఒకరు. వరండాలో బెంచీలు చాలక మేనేజరు గదిలో కుర్చీలు కూడా బయటికి తెచ్చాను. ముసలి గడియారాల మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను కాళ్లన్నీ దించి, తుడిచి, ఎవరిది వాళ్ల ముందు పెట్టాను. ముట్టుకోవద్దన్నాను. ఎవరూ ముట్టుకోలేదు. అది చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎవడి కాలు వాడి ముందు పెట్టుకుని ముట్టుకోకుండా కూర్చోవడం ఏమిటి?

మధ్యాహ్నం దాటాక నీ సెక్రటరీ ఫోన్ చేసింది. మేడమ్‌కి అనుకోకుండా ఒక పెద్ద కమిటీ వాళ్లు టైం ఇచ్చారు, "తిరిగి షెడ్యూల్ చేస్తాం" అంది. ఆ మాట వరండాలోకి వెళ్లి వాళ్లకి నేను చెప్పాలి. చెప్పాను. ఒక్కరూ తిట్టలేదు. "పాపం ఎంత పనో ఆ తల్లికి" అన్నాడు గడియారాల ఆయన. నిన్ను చూసి జాలిపడ్డారు పిన్నీ, నడవలేనివాళ్లు.

రొట్టెలావిడ ఒక్కతే నోరు విప్పింది. "మీ పెద్దక్క కాళ్లావేళ్లా పడి రప్పించమంటావా అబ్బాయ్? పడతాను. ముందు ఆ రెండో కాలు ఇవ్వు" అంది. అందరూ నవ్వారు. నేను కాళ్లన్నీ మళ్లీ అరల్లో పెట్టాను.

వెళ్లే ముందు వ్యాయామాల అక్క ఆమె మోకాలు చూసింది. బల్ల మీద పడుకోబెట్టి మోకాలు కిందికి నొక్కితే బల్లకి ఆనాలి. ఆనలేదు. మధ్యలో నా పిడికిలి పట్టేంత సందు. "డబ్బాలు మడవడం మానెయ్యమ్మా" అంది అక్క. "మానేస్తాను. నా పిల్ల తినడం మానేస్తుందా?" అంది ఆవిడ.

నీ పాఠం చెప్పిన పెద్దమనిషిని ఒకసారి ఇటు పంపు. "ముఖ్యం, కానీ తొందర లేదు" అని ఆ మోకాలి మీద రాసి చూపించమను. అది వింటుందేమో చూస్తాను. మోకాలికి గడులు తెలియవు, రోజులే తెలుసు.

నువ్వు తప్ప ఎవరూ చేయలేని పని అంటున్నావు. చేతులు చాపి నిలబడటం ఎవరూ చేయలేరా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చలోనే ఇల్లు కట్టుకున్నావు.

ఆ ముక్క రాసి పంపు. ఒక్క వాక్యం.

నీ అక్క కొడుకు


అతిథి గృహం, నాలుగో అంతస్తు
బుధవారం

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. రాసిన చెయ్యి నాదే అయితే ఆ చేతిని కొట్టుకునేదాన్ని.

పదో తరగతి పుస్తకాలు బావిలో పడేసి వచ్చినవాడివి. ప్లాస్టర్ తడపడం దగ్గర్నుంచి నేర్పింది నేను. నీకు సర్టిఫికెట్ లేదని బోర్డులో ముగ్గురు అడ్డుపడితే, వాడు లేకపోతే నేనూ లేనన్నాను. ఇది గుర్తుచేయాల్సి రావడం నాకు బాధగానే ఉంది.

శుక్రవారం నేను షికారుకి పోలేదు. ఈ కమిటీ వాళ్లు ఒప్పుకుంటే మన కేంద్రం లాంటివి ఇంకో ఐదు వస్తాయి. ఇక్కడ నేను గంట కూర్చుంటే అక్కడ వందలమంది లేచి నిలబడతారు. ఒక మోకాలు ఒక పక్క, ఇంతమంది ఒక పక్క పెట్టి తూచాల్సిన దాన్ని నేను. నువ్వు ఒక్క కాలు చూస్తే చాలు, నేను ఊరంతా చూడాలి. తప్పదు.

ఇంకో మాట. వీళ్లు ఎందుకు వింటున్నారనుకుంటున్నావు? సాకెట్ల గురించి చెబితే ఆవలిస్తారు. ప్రతి మనిషి మొదటి అడుగుకీ నేనే ఎదురు నిలబడతానని చెబితే కుర్చీల్లో ముందుకి జరుగుతారు. ఆ రూలు తీసేసి రేపు వాళ్ల ముందు ఏమని చెప్పను?

కాబట్టి రూలు ఉంటుంది. నెలాఖరులోపు వస్తాను. అందాకా రొట్టెలావిడకి మోకాలు వంగకుండా కింద చెక్క పలక కట్టమని చెప్పు.

పిన్ని


కేంద్రం
ఆదివారం

పెద్దక్క గారికి,

నమస్కారం. అందరూ మిమ్మల్ని ఇలాగే పిలుస్తారు, నేనూ నేర్చుకుంటాను.

పలక కట్టాం. ఆమె ఇల్లు చూశారా మీరు? నేను చూశాను. ఒక గది, ఒక కుర్చీ, పైకప్పు దాకా అట్ట డబ్బాలు. పలక కట్టుకుని కాలు ముందుకి చాపితే డబ్బాలు తీసుకోవడానికి చెయ్యి అందదు. పగలు విప్పేస్తుంది, పడుకునేటప్పుడు కట్టుకుంటుంది. అబద్ధం చెప్పదు, అడిగితే విప్పేశానని చెప్తుంది.

మీ ఉత్తరం వచ్చాక ఆశ వదులుకున్నాను. రూలు మనమే దాటేద్దాం అని అక్కని అడిగాను. నేను చేతులు చాపుతాను, నువ్వు పక్కన పట్టుకో చాలు అన్నాను. ఆమె ముఖం తెల్లబోయింది. "పెద్దక్క లేకుండానా?" అంది. గుమాస్తాని అడిగితే, "నీకేం బాబూ, అక్క కొడుకువి, తిట్టి ఊరుకుంటారు. నాకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు" అన్నాడు. మీరు అన్నీ పంచేశానంటున్నారు. మీ భయం మాత్రం అందరికీ సమానంగా పంచారు.

నాక్కూడా. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ఆ కాలు దించి సంచిలో పెట్టుకున్నాను, వాళ్లింటికి పట్టుకుపోదామని. గేటు దాకా వెళ్లాను. నాకు మీ ముఖం కనబడింది. కోపంగా ఉన్న ముఖం కాదు, అదైతే లెక్కచేయను. మనసు కష్టపెట్టుకున్న ముఖం. వెనక్కొచ్చి కాలు అరలో పెట్టేశాను. ఇంత నోరున్నవాణ్ణి, గేటు దాటలేకపోయాను.

నిన్న ఆవిణ్ణి పిలిపించాం. నిలబడటం రూలుకి విరుద్ధం కదా, కూర్చోబెట్టే తొడిగి చూశాం. మొండికాలు సన్నబడింది, దానికి మేజోళ్లు రెండు ఎక్కించి సరిచేశాను. గిన్నెలోకి దిగింది. కాలు చాపమన్నాను. చాపలేదు. చాపలేకపోయింది. మోకాలు వంగినచోటే బిగిసిపోయింది. అక్క తన బరువంతా వేసి నొక్కింది, ఆవిడ పంటి బిగువున ఓర్చుకుంది. పాదం నేలకి ఆనాల్సిన చోట బొటనవేలు కొస మాత్రం ఆనింది.

వ్యాయామంతో విడుతుందేమో, నెలలు పడుతుంది, లేకపోతే డాక్టరు కోయాలి, కోసినా చెప్పలేం అంది అక్క. ఇదంతా ఆవిడ ముందే అంది. నెలాఖరు దాటిందని బేకరీవాడు ఆమె చోట్లో ఇంకొకణ్ణి పెట్టుకున్నాడని ఆ రోజే తెలిసింది. పొయ్యి దగ్గర పొద్దంతా నిటారుగా నిలబడాలి, ఇప్పుడు ఉంచినా ఉండలేదు.

ఆవిడ కాలు విప్పి నా చేతిలో పెట్టింది. "బాగా చేశావు అబ్బాయ్. మంచి కాలు. సరైన వేళకి మనిషి దొరకలేదు దానికి" అంది. నన్ను తిడితే బాగుండేది.

ఐదు కేంద్రాలు రానివ్వండి. ఐదు చోట్లా అరలు పెద్దవి చేయించండి.

మీ దగ్గర పనిచేసేవాడు


అతిథి గృహం, అదే గది
మంగళవారం

నాన్నా,

నన్ను మీరు అనకు. తిట్టు, పేరు పెట్టి తిట్టు, ఆ మాట మాత్రం అనకు.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. నీకు ఒకటి చెప్పలేదు. కమిటీ పని అయిపోయి చాలా రోజులైంది. ఒక కేంద్రానికి ఒప్పుకున్నారు. నీకు కోపంగా జాబు రాసిన రోజుకే నాకు పని లేదు, రైలు టికెట్టు బల్ల మీద ఉంది. నేను ఎక్కలేదు.

సెక్రటరీకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. అబద్ధం కూడా కాదు. మంచం మీద కూర్చుని చెప్పులు తొడుక్కోవాలనుకుంటాను, కాళ్లు కదలవు. వరండాలో ఆ బెంచీలు కళ్ల ముందుకొస్తాయి. ఇంతమంది, నా కోసం. మొదట్లో ఆ చూపులు నాకు ఆకలి తీర్చేవి. ఇప్పుడు అందరూ తలా ఒక ముక్క కోసుకుపోతారేమోనని భయం వేస్తోంది. రాకపోతే ఇంకా పోగవుతారు, పోగయ్యేకొద్దీ ఇంకా రాలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎవరికి చెప్పుకోను? నా దగ్గరికి అందరూ బలం కోసమే వస్తారు.

నువ్వు అడిగింది నిజం. చేతులు చాపి నిలబడటం ఎవరైనా చేయగలరు. నాకు తెలుసు. ఆ హాల్లో ఆయన ఆ మాట చెప్పినప్పుడే తెలుసు. నేను తప్ప ఎవరూ చేయలేని పని ఏదీ నాకు కనబడలేదురా. ఎంత వెతికినా. అలాంటిది ఒక్కటీ లేకపోతే నేనెవర్ని? అందుకని నాకు ఇష్టమైనదాన్ని పట్టుకుని, ఇదే నాది అన్నాను. రోజంతా చేయి కలిపేవాళ్లు, పొగిడేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు. ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు వణుకుతూ నా వైపు ఒక అడుగు వేస్తే, అప్పుడు మాత్రమే నేను బతికున్నాననిపించేది. ఆ అడుగు నా కోసం దాచిపెట్టుకున్నాను. ఆవిడ మోకాలు నా పిసినారితనం కింద బిగుసుకుంది.

రూలు తీసేశాను. ఈ కాగితం అందరికీ చదివి వినిపించు. నువ్వూ అక్కా రేపటి నుంచే మొదలుపెట్టండి. ఎవరూ నా కోసం ఆగొద్దు.

నేను వస్తాను. ఎప్పుడని రాయడానికి భయంగా ఉంది. నేను రాసిన తేదీలు నువ్వు చూశావు.

పిన్ని


కేంద్రం
శుక్రవారం

పిన్నీ,

చదివి వినిపించాను. రూలు తీసేసిన వాక్యం ఒక్కటే. మిగతాది నా జేబులో ఉంది, అక్కడే ఉంటుంది.

గెలిచానని సంబరపడుతున్నానేమో అనుకోకు. మొదటివాడు పెయింటరు. లేచాడు, అక్క చేతులు చాపింది, నాలుగడుగులు వేసి కమ్మీ పట్టుకున్నాడు. బాగానే నడిచాడు. నడిచి, "పెద్దక్క ఏరీ?" అన్నాడు. చప్పట్లు ఎవరు మొదలుపెట్టాలో మాకు తెలియలేదు. అప్పుడు కుక్కర్ కూత పెట్టింది వంటగదిలో, అందరం దానికి నవ్వాం.

గడియారాల ఆయన లేవనే లేదు. "ఇన్నాళ్లు ఆగాను బాబూ, ఆ తల్లి వచ్చేదాకా ఇంకో వారం ఆగలేనా" అన్నాడు. ఎంత చెప్పినా వినడు. నువ్వు రూలు తీసేసినా అది వాళ్లలో పాతుకుపోయింది. చివరికి అక్క, "తాతా, ఆవిడ వచ్చేసరికి నువ్వు పరిగెత్తి ఎదురెళ్లాలి, అందుకు ఇవాళ మొదలుపెట్టాలి" అని ఒప్పించింది. నాకు ఆ తెలివి రాలేదు, నేను అరిచాను.

రొట్టెలావిడ సంగతి. రోజూ పొద్దున్నా సాయంత్రం ఎవరో ఒకరు ఆ మోకాలి మీద చేతులేసి, నెమ్మదిగా, వదలకుండా నొక్కి పట్టుకోవాలి. చాలాసేపు. నొప్పి పుడితే ఆపాలి, మళ్లీ మొదలుపెట్టాలి. అక్కకి తీరిక లేదు, ఒక్కతే అందరినీ చూడాలి. నాకు సాకెట్ల అచ్చులు పోసే పని. ఆ పనికి మనిషి లేడు.

నువ్వు మొదటి అడుగుల కోసం రావద్దు పిన్నీ. అవి జరుగుతాయి. దీని కోసం రా. దీనికి ఫొటో లేదు. అక్కడ నీ వైపు ఎవరూ అడుగు వేయరు. మూడో అంతస్తు, ఒక్క కుర్చీ, నువ్వు నేల మీద కూర్చోవాలి. మోకాలు విడకపోవచ్చు కూడా. ఇది నువ్వు తప్ప ఎవరూ చేయలేని పని కాదు, ఎవరైనా చేయొచ్చు. చేసేవాళ్లే లేరు.

చెప్పులు తొడుక్కోలేకపోతే చెప్పు. నేనొచ్చి తొడుగుతాను. నాకు తెలిసిన పని అదొక్కటే కదా.

కందిరీగ


రొట్టెలావిడ ఇల్లు, మెట్ల మీద
సోమవారం

కందిరీగా,

కమిటీ ఒప్పుకున్న ఆ కొత్త కేంద్రంలో నీ గది ఎలా ఉంది? కుర్రాళ్ల మీద అరవకు. ప్లాస్టర్ పిసకడం నీకూ ఒక్క పూటలో రాలేదు.

నేను వచ్చిన వారమే నువ్వు వెళ్లావు కదా, అప్పటి నుంచీ ఇక్కడ ఒక్కరోజు మానలేదు. పొద్దున్నా సాయంత్రం ఆవిడ మోకాలు నా చేతుల కింద. మొదటి వారం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండో వారం తిట్టింది, అప్పుడు కాస్త ఊపిరొచ్చింది నాకు. "ఒంటికాలి మీద లేవడం నాకు అలవాటేనండీ, మీరు కంగారు పడకండి" అంది. నేను నొక్కుతుంటే ఆవిడ డబ్బాలు మడుస్తుంది. మధ్యలో నా చేతులు లాగితే, "అప్పుడేనా?" అంటుంది. ఆవిడ కూతురు నా ఒళ్లో డబ్బాలు పేర్చి పరీక్షలకి చదువుకుంటుంది.

సెక్రటరీ మొదట్లో రోజూ ఏడ్చింది. నేను వెళ్లాల్సిన సభలకి మేనేజరు వెళ్తున్నాడు. వాళ్లు కుర్చీల్లో ముందుకి జరగడం లేదట. ఇద్దరు ముగ్గురు ఇస్తామన్నది ఇవ్వలేదు. నీకు తెలియాలని రాస్తున్నాను, నా ఈ తీరిక ఊరికే రాలేదు.

మోకాలు పూర్తిగా విడలేదురా. సగం విడింది, ఇక రాదు అంది అక్క. నువ్వు పంపిన కొత్త సాకెట్ ఆ వంపుకి సరిపోయింది, పాదం పూర్తిగా ఆనింది. నడక మొదలుపెట్టినా కుంటుతుందట. పొద్దంతా పొయ్యి ముందు నిలబడలేదు, ఆ ఉద్యోగం ఇక రాదు. మెట్లు మాత్రం దిగగలదట, నిలబడి.

ఇవాళ మొదటి అడుగు. అక్క ఇంటికే వచ్చింది. నేను అలవాటుగా వెళ్లి ఎదురు నిలబడ్డాను. చేతులు చాపాను కూడా, నాకు తెలియకుండానే. ఆవిడ కుర్చీలోంచి నన్ను చూసింది. తిట్టలేదు. "మీరు కాసేపు బయట ఉండండమ్మా" అంది. నాకు అర్థం కాలేదు. "ఇన్నాళ్లు మీ కోసం ఆగింది ఈ అడుగు. మీరు లేకుండా వేసుకుంటాను" అంది. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

కర్ర శబ్దం వినబడింది. ఏదో పడింది, డబ్బాలే అనుకుంటాను. కూతురు "అమ్మా" అంది. నా చెయ్యి తలుపు గొళ్లెం మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. తర్వాత అడుగు, ఆగింది, ఇంకోటి. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. నేను చూడని అడుగు ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో నాకు తెలియలేదు.

అప్పుడే సెక్రటరీ ఫోన్ చేసింది. ఎక్కడున్నారంది. పనిలో ఉన్నానన్నాను. ఏం పనంది. తలుపు బయట నిలబడటం అన్నాను. ఎంతసేపు పడుతుందని రాసుకోమంటారంది. నాకు తెలియదన్నాను. ఆ మాట నా నోట తను ఎప్పుడూ వినలేదు, రాసుకోవడానికి ఏమీ దొరక్క ఫోన్ పెట్టేసింది.

లోపల ఇంకా నడుస్తోంది. నన్ను పిలవలేదు. మెట్ల మీద కూర్చుని నీకిది రాస్తున్నాను.

పిన్ని